రోజుకో పావుగంట

కొల్లూరి భుజంగరావు ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఒక్క కాగితం పారేసి ఎరగడు. ఇది గిట్టనివాళ్లు పుట్టించిన మాట కాదు. ఆయనే నలుగురిలో చెప్పుకునేవాడు, అదీ ఛాతీ కాస్త ముందుకు పెట్టి.

ఆయన తూముల తనిఖీ విభాగంలో సూపరింటెండెంటు. కాలవల మీద ఎన్ని తూములున్నాయో ఏడాదికోసారి లెక్కపెట్టి పైకి రాయడం ఆ ఆఫీసు పని. తూములు పుట్టవు, పెళ్లి చేసుకుని పక్క జిల్లాకు పోవు కాబట్టి లెక్క ఎప్పుడూ మారదు. ఎందుకు మారలేదో వివరిస్తూ మాత్రం ఏటా నలభై పేజీలు రాయాలి. ఆ నలభై పేజీలు భుజంగరావే రాసేవాడు. ఆయనకు తీరిక ఉండేది కాదు.

తీరిక లేకపోవడం వల్ల ఇంట్లో వీధిగది ఆయన చేతిలో పడి నిండిపోయింది. గుడ్డ లేని గొడుగులు ఆరు, ఊచలు లేని గొడుగుగుడ్డలు మూడు. ఆగిపోయిన గోడగడియారాలు రెండు. వెనకవైపు తెల్లగా ఉంటుంది, రాసుకోవడానికి పనికొస్తుందని దాచిన పెళ్లి శుభలేఖలు రెండు బస్తాలు. పాత టీవీ వచ్చిన అట్టపెట్టె. టీవీ పోయి ఎనిమిదేళ్లయింది, పెట్టె మాత్రం ఇల్లు మారేటప్పుడు అక్కరకొస్తుందని ఉంచాడు. అది సొంత ఇల్లు.

వీటన్నిటి అడుగున ఆయన భార్య హైమవతి కుట్టుమిషను ఉంది. పెళ్లికి ముందే ఆమె కుట్టు నేర్చింది, పెళ్లయ్యాక వీధిలో సగంమందికి రవికలు కుట్టింది. పదకొండేళ్ల కిందట ఒకరోజు భుజంగరావు ఆఫీసు నుంచి ఒక కట్ట ఫారాలు తెచ్చి, ఒక్క రెండ్రోజులని చెప్పి మిషను మీద పెట్టాడు. ఆ రెండ్రోజులు ఇంకా పూర్తి కాలేదు.

మార్చి ఆఖర్లో పక్కింటి రూతమ్మ టీచరు ఒక కబురు తెచ్చింది. ఆమె పనిచేసి రిటైరైన కాన్వెంటు స్కూలుకు నూట ఇరవై జతల యూనిఫారాలు కావాలట. జూన్ పన్నెండున బడి తెరిచేనాటికి అందాలి. హైమవతి మారుమాట్లాడకుండా ఒప్పేసుకుంది. గుడ్డ తానులు వచ్చి మంచం మీద కూర్చున్నాయి. మిషను కూర్చోవడానికి మాత్రం చోటు లేదు.

ఆమె భర్తను వీధిగది ఖాళీ చేసిపెట్టమని అడిగింది. వార్షిక నివేదిక పైకి పోగానే చేస్తానన్నాడు. నివేదిక పోయింది. దాని నకలు సిద్ధం కాగానే అన్నాడు. నకలూ పోయింది. తీరిక దొరకనీ అన్నాడు. హైమవతి తానులను మంచం మీద నుంచి బల్ల మీదికి, బల్ల మీద నుంచి మంచం మీదికి మారుస్తూ ఏప్రిల్ సగం గడిపింది.

అప్పుడే జిల్లా అధికారి చిత్తరంజన్ గారు కొండమీద ఐదు రోజుల శిక్షణ ముగించుకుని దిగారు.

చిత్తరంజన్ గారు శిక్షణకు వెళ్లొచ్చారంటే ఆఫీసంతా బిక్కచచ్చిపోయేది. అంతకుముందొకసారి నవ్వు నేర్చుకుని వచ్చారు. మూడు నెలలపాటు సిబ్బంది అంతా ఉదయం పదిన్నరకు వరండాలో నిలబడి ఏడు నిమిషాలు నవ్వి, రిజిస్టరులో సంతకం పెట్టారు. సెలవు పెట్టినవాళ్లు మర్నాడు పద్నాలుగు నిమిషాలు నవ్వారు. ఈసారి ఆయన నేర్చుకొచ్చింది ఇల్లు ఖాళీ చేయడం.

సమావేశంలో ఆయన ఇలా సెలవిచ్చారు. "ఉద్యోగి గృహమునందు అనవసర వస్తు సంచయం ఉన్నంతకాలం అతని మస్తిష్కమునందు నిర్ణయ సామర్థ్యం ప్రవహించదు. తూములో చెత్త పేరుకుంటే నీరు పారుతుందా? తీరిక లేదని ఎవరూ అనవద్దు. రోజుకు పావుగంట చాలు. ఒక అర, ఒక మూల, పావుగంట."

మన తూముల్లో నీళ్లు ఎప్పుడు పారాయని ఎవరూ అడగలేదు. నిజానికి ఆ పావుగంట మాటలో తప్పేమీ లేదు. ఎవరింట్లో వాళ్లు వెళ్లి చేసుకుంటే చక్కగా ఉండేది. కానీ ఆఫీసులో పుట్టిన మాట ఉత్తర్వు కాకుండా ఊరుకోదు, ఉత్తర్వు రాయడానికి భుజంగరావు ఉన్నాడు.

ఆయన మూడు రోజులు తలుపు వేసుకుని రాశాడు. ఇరవై ఆరు నిబంధనలు, తొమ్మిది అనుబంధాలు తేలాయి. ఉదయం ఆరుంపావు నుంచి ఆరున్నర వరకు ప్రతి ఉద్యోగీ స్వగృహంలో పథకం అమలు చేయాలి. వస్తువులను ఉంచదగినవి, వదలదగినవి, ఆలోచించదగినవి అని మూడు తరగతులు చేయాలి. ముందుగా ఇంట్లో ఉన్న సామాను మొత్తం జాబితా రాసి ఆఫీసులో దాఖలు చేయాలి. రాస్తూ రాస్తూ ఉండగా ఆయనకొక ధర్మసందేహం వచ్చింది. ఉద్యోగి సామాను పారేశానంటాడనుకోండి. పారేశాడనడానికి రుజువేది? వస్తువే లేకపోతే తనిఖీ దేన్ని చేస్తారు? వెంటనే పద్నాలుగో నిబంధన తోచింది.

"వదలదగినవిగా నిర్ణయించబడిన ఏ వస్తువూ నిర్ధారణ సంఘము వారు స్వయముగా తనిఖీ జరిపి ధృవీకరించునంతవరకు గృహ ప్రాంగణము దాటరాదు. దాటిన యెడల సంబంధిత ఉద్యోగి సంజాయిషీ ఇచ్చుకొనవలసియుండును."

అది రాసిన సాయంత్రం భుజంగరావు తనను తాను మెచ్చుకుని క్యాంటీనులో రెండో కాఫీ తాగాడు. ఆ ఊపులోనే ఇరవై రెండో నిబంధన కూడా రాశాడు గానీ, దాని సంగతి తర్వాత.

పథకం వివరాలు వినగానే హైమవతి ముఖం విప్పారింది. ఇన్నాళ్లకు గవర్నమెంటు తన మొర ఆలకించిందనుకుంది. భుజంగరావు ఆ సాయంత్రమే పడకకుర్చీలో కూర్చుని వీధిగది జాబితా రాశాడు. గదిలోకి వెళ్లాల్సిన పనే లేకపోయింది, అంతా జ్ఞాపకమే. నాలుగు వందల పన్నెండు వస్తువులు తేలాయి. గొడుగుగుడ్డలతో సహా ఒక్కొక్కటీ పైకి చదివి వినిపించాడు. హైమవతి గుమ్మానికి ఆనుకుని చివరిదాకా విన్నది.

"అంతేనా?" అంది.

"అంతే. ఒక్కటి వదిలితే ఒట్టు," అన్నాడు భుజంగరావు.

ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. అంత పెద్ద జాబితాను జ్ఞాపకం మీద రాసినందుకు భార్య ఒక్క మంచి మాటైనా అనలేదే అని ఆయన కాసేపు నొచ్చుకున్నాడు.

మర్నాడు ఆరుంపావుకు పథకం మొదలైంది. గుమ్మం దగ్గర వరసలో చేతికి అందిన మొదటి వస్తువు గొడుగు. రెండో అనుబంధంలో దానికి పదకొండు గడులు నింపాలి. పేరు, వయసు, కొన్ననాటి స్థితి, నేటి స్థితి అన్నీ సజావుగా సాగాయి. ఏడో గడి దగ్గర కలం ఆగింది. అది 'వస్తువుతో ఉద్యోగికి గల అనుబంధం'. ఆ గడి పెట్టింది తనే. భుజంగరావు కళ్లు చెమర్చాయి. ఈ గొడుగు వేసుకునే పెళ్లిచూపులకు వచ్చానని రాసి, భార్యను పిలిచి చూపించాడు.

"ఆ గొడుగు మీ మావయ్యది. మీరు తడుచుకుంటూ వచ్చారు. ముందు గదిలో అంతా మడుగైతే మా అమ్మ గోనెపట్టా వేసింది," అంది హైమవతి.

అనుబంధం ఎవరిదో తేలలేదు కాబట్టి గొడుగు ఆలోచించదగిన వాటిలోకి వెళ్లింది. ఆలోచించదగినవాటిని యథాస్థానంలో ఉంచాలని తొమ్మిదో నిబంధన. గొడుగును తీసినచోటే పెట్టేసరికి ఆరున్నరయింది. పదిహేను నిమిషాల్లో పద్నాలుగు రాతకే పోయాయి, మిగిలిన నిమిషంలో గొడుగు పైకి లేచి కిందికి దిగింది.

ఆఫీసులోనూ ఇదే వరస. సిబ్బంది పదిన్నరకు వచ్చి అనుబంధాలు సరిచూసుకోవడం, పన్నెండుకు ఒకరివి ఒకరు ధృవీకరించుకోవడం, మధ్యాహ్నం మూడు ప్రతులు తీయడం. క్యాషియరు పున్నారావు ఇంట్లో పాత చెప్పుల జత ఒకటి వదలదగినదని తేలితే, కుడి చెప్పుకూ ఎడమ చెప్పుకూ విడివిడిగా దరఖాస్తు చేయమని భుజంగరావే తిప్పి పంపాడు. నెల తిరిగేసరికి ఆఫీసులో ఆరు కొత్త బీరువాలు కొన్నారు, ఇళ్లు ఖాళీ చేస్తున్న కాగితాలు పెట్టుకోవడానికి.

భుజంగరావు ఇంట్లో సామాను తగ్గలేదు సరికదా, రిజిస్టర్లు నాలుగు, గడియారం ఒకటి, రబ్బరు స్టాంపులు మూడు కొత్తగా చేరాయి. రోజూ ఉదయం వీధిగది గుమ్మంలో నిలబడి ఒక వస్తువు తీసేవాడు, హాల్లో కూర్చుని రాసేవాడు, తీసినచోట పెట్టేవాడు. వరస చెక్కుచెదరలేదు. నేనింత కష్టపడుతున్నానని భార్యతో రోజూ అనేవాడు. ఆమె ఊఁ అనేది. ఆమె చేతిలో అప్పుడు ఎప్పుడూ ఏదో పని ఉండేది.

మే ఆఖర్లో ఒక మంగళవారం చిత్తరంజన్ గారు పిలిచి, పథకానికి పురుడు పోసిన మనిషి ఇంటినే మొదటగా తనిఖీ చేయాలని సంకల్పించామన్నారు. ముహూర్తం గురువారం. భుజంగరావు ఉబ్బితబ్బిబ్బై ఇంటికొచ్చాడు. సంఘం వచ్చేలోగా సామాను ఒకసారి సరిచూద్దామని, పథకం మొదలయ్యాక మొదటిసారి వీధిగదిలో వరస దాటి లోపలికి అడుగుపెట్టాడు.

వరస వెనక ఏమీ లేదు.

ఊడ్చి తుడిచిన నేల ఉంది. కిటికీ తెరిచి ఉంది. ఆ గదికి కిటికీ ఉందన్న సంగతే ఆయన మరిచిపోయాడు. కిటికీ కింద నూనె పెట్టి తళతళలాడుతున్న కుట్టుమిషను, పక్కన ఇస్త్రీ చేసి పేర్చిన తెల్ల చొక్కాలు, నీలం నిక్కర్లు, గౌన్లు. గుమ్మం వైపు వరస ఒక్కటే గోడలా నిలబడి ఉంది.

భుజంగరావు భార్యను పిలిచాడు. సామాను ఏమైందని అడిగాడు.

"కుక్కరు పెట్టాక మూడు కూతలు వచ్చేదాకా ఖాళీగా నిలబడాలిగా," అంది హైమవతి. "నాకు దొరికే తీరిక అదే. మొదటి కూతకు ఒక మూల, రెండో కూతకు ఒక మూల. మీరు ఆఫీసుకు పోయాక పాత సామాన్ల మస్తాన్ వచ్చి పట్టుకుపోయేవాడు. నెలరోజుల్లో అయిపోయింది. ఫలానాది కనిపించడం లేదేమని మీరెప్పుడైనా అడుగుతారేమోనని చూశాను. అడగలేదు."

ఆ మాటకు ఆయన సిగ్గుపడి ఉండాల్సింది. కానీ ఆ క్షణాన ఆయన కళ్లముందు ఆడుతున్నది పద్నాలుగో నిబంధన ఒక్కటే. జాబితాలో నాలుగు వందల పన్నెండు, గుమ్మం దగ్గర ముప్పై. మిగతావన్నీ ధృవీకరణ లేకుండా ప్రాంగణం దాటాయి. రిటైర్మెంటు రెండేళ్లలో ఉంది. సంజాయిషీ, విచారణ, పింఛను నిలుపుదల వరసగా కనిపించాయి. ఆ వరసలో ఏ కాగితం తర్వాత ఏ కాగితం వస్తుందో ఆయనకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

బుధవారం అరపూట సెలవు పెట్టి కాలవకట్ట మీద మస్తాన్ షెడ్డుకు పరుగెత్తాడు. అక్కడ క్యాషియరు పున్నారావు తలకు రుమాలు చుట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని వెనక ఆఫీసువాళ్లే ఇంకో ఏడుగురు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. అందరి ఇళ్లలోనూ కుక్కర్లున్నాయని భుజంగరావుకు అప్పుడు అర్థమైంది.

తన సామాను తిరిగి ఇమ్మని అడిగితే మస్తాన్ ఏమాత్రం తొణకలేదు.

"మీది మొన్నే లారీ ఎక్కి పోయింది సార్. గొడుగులు మాత్రం ఉన్నయ్, ఎవరూ కొనలా. మీవి మీకే కావాలంటే యాడ తెచ్చేది? అంకె సరిపోతే చాలు గదా, పెద్దసార్లు చూసేది అంకేగా. వందవి, రెండొందలవి, నాలుగొందలవి సెట్లు కట్టి పెట్టినా. తనిఖీ అయినాక నాయి నాకు తిరిగిచ్చెయ్యండి."

భుజంగరావు నాలుగొందల సెట్టు తీసుకుని, లెక్కకు ఎక్కువైన పద్దెనిమిదీ అక్కడే ఏరి వదిలేశాడు. అందులో ఒక క్షౌరశాల కుర్చీ, ఎద్దులకు కట్టే మువ్వలపట్టీలు, ఎవరివో కట్టుడుపళ్లు, కోరమీసాల పెద్దమనిషి ఫొటో ఒకటి పెద్ద చట్రంలో ఉన్నాయి. ఆ ఫొటో కాలవ అవతల బంగళా నుంచి వచ్చిందని, మంచి సరుకని మస్తాన్ చెప్పాడు. లగేజీ ఆటో రెండు విడతలు తిరిగింది.

హైమవతి వీధిలో నిలబడి సామాను దిగడం చూసింది. ఆమె ఒక్క మాటే అడిగింది.

"ఇంకా నలభై జతలున్నాయి. నేనెక్కడ కుట్టను?"

రెండ్రోజులు ఓర్చుకో, ఒక్క రెండ్రోజులు అన్నాడు భుజంగరావు. అని, హాల్లో కూర్చుని కొత్త సామానుకు పాత నంబర్లు వేసే పనిలో పడ్డాడు. కట్టుడుపళ్లు గొడుగుగుడ్డ నంబరు కిందికి వచ్చాయి. ఆ పని దీపాలు పెట్టే వేళదాకా సాగింది, ఆయన తల ఎత్తలేదు. బయట ఆటో వెళ్లిన చప్పుడు మాత్రం వినిపించింది.

గురువారం సంఘం వచ్చింది. నేల నుంచి కప్పుదాకా నిండిన వీధిగదిని గుమ్మంలోంచి చూసి చిత్తరంజన్ గారు పరవశించిపోయారు. ఇంత సమగ్రమైన అనవసర సంచయాన్ని తమ సర్వీసులో చూడలేదన్నారు. అంకెలు సరిపోయాయి. కోరమీసాల ఫొటో దగ్గర మాత్రం ఆయన చాలాసేపు ఆగారు. ఎవరని అడిగితే మా పెదనాన్నగారని భుజంగరావు చెప్పాడు.

"ముఖంలో పరిపాలనా దక్షత ఉట్టిపడుతోంది. మాకు బాగా పరిచితమైన ముఖంలా ఉంది," అన్నారు చిత్తరంజన్ గారు. ఆయన నివాసం కాలవ అవతల బంగళా. ఆయన ఇంట్లో పావుగంట పథకం అమలు చేసేది ఆయన భార్య.

తర్వాత 'ఆదర్శ విముక్త గృహం' అని చెక్కిన మూడడుగుల చెక్కపలకను చప్పట్ల మధ్య బహూకరించారు. అందరూ టీ తాగారు. చిత్తరంజన్ గారు కప్పు కింద పెట్టి, ఇక ఇరవై రెండో నిబంధన కానివ్వండి అన్నారు.

ఆ నిబంధన భుజంగరావుదే, రెండో కాఫీది. 'ధృవీకరించబడిన వస్తుసముదాయము గల గదిని బహిరంగ వేలము జరుగునంతవరకు లక్కముద్రతో మూసివేయవలెను. ముద్రను భగ్నపరచుట శిక్షార్హము.' వేలం తేదీ ఎవరు నిర్ణయించాలో అందులో రాయడం ఆయన మరిచిపోయాడు. ముద్ర వేసే బాధ్యత సూపరింటెండెంటుదే కాబట్టి, తన ఇంటి తలుపుకు తనే తాడు కట్టి, లక్క కరిగించి, ముద్ర కొట్టాడు. కుట్టుమిషను అడుగునెక్కడో ఉండిపోయిందనుకున్నాడు. హైమవతి వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది.

ఆమె తిట్టి ఉంటే ఆయనకు కాస్త ఊరటగా ఉండేది. ఆమె తిట్టలేదు. మర్నాటి నుంచి పొద్దున్నే వంట చేసి, గిన్నెల మీద మూతలు పెట్టి, రూతమ్మ టీచరింటికి వెళ్లేది. సాయంత్రం తిరిగొచ్చేది. దిగులుతో అక్కడ కూర్చుంటోందని భుజంగరావు అనుకున్నాడు. మూతలు తీసుకుని ఒక్కడే తినేవాడు.

ఏంచేయాలో ఆయనకు తెలిసిన మార్గం ఒకటే. ముద్ర విప్పడానికి అనుమతి కోరుతూ కొల్లూరి భుజంగరావు అనే ఉద్యోగిగా దరఖాస్తు రాశాడు. సూపరింటెండెంటుగా దాన్ని అందుకున్నాడు. కారణాలు తగినంత వివరంగా లేవని తిప్పి పంపుకున్నాడు. కారణాలు రాసే చోట 'భార్య కుట్టుమిషను లోపల ఉన్నది' అని పెట్టాడు. జాబితాతో సరిచూడగా అటువంటి వస్తువు ఆ గదిలో లేదు. నాలుగు వందల పన్నెండులో గొడుగుగుడ్డలు ఉన్నాయి, కుట్టుమిషను లేదు. అంతేనా అని హైమవతి ఎందుకు అడిగిందో అప్పుడు తెలిసింది. పైకి పంపుదామంటే చిత్తరంజన్ గారు ఇంకో శిక్షణకు కొండెక్కారు.

జూన్ పదకొండు సాయంత్రం ఆఫీసు నుంచి పెందరాళే వచ్చేశాడు. ఇంట్లో ఎవరూ లేరు. మర్నాడు బడి. లక్కముద్ర తలుపు మీద ఎర్రగా, గుండ్రంగా, తన పేరుతో మెరుస్తోంది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన ఒక గుండుసూదిని కూడా అనుమతి లేకుండా తీసినవాడు కాదు. వంటింట్లోంచి కూరగాయల కత్తి తెచ్చి తాడు కోశాడు.

పంచె ఎగ్గట్టి సామాను వీధిలోకి మోయడం మొదలుపెట్టాడు. క్షౌరశాల కుర్చీ, మువ్వలపట్టీలు, శుభలేఖలు, గొడుగులు. ఏ గడీ నింపలేదు. మోస్తూ ఉంటే భార్యకు ఏం చెప్పాలో లోపల తయారవుతూనే ఉంది. ఇదిగో నీ గది, ఇదిగో నీ మిషను, కూర్చో అనాలి. గంట తిరిగేలోగా గది ఖాళీ అయింది.

మిషను లేదు. కిటికీ కింద దాని కాళ్ల గుర్తులు మాత్రం నాలుగున్నాయి.

ఆయన ఆ గుర్తుల దగ్గర చతికిలబడ్డాడు. కిటికీ తలుపు తెరిచి ఉండటంతో పక్కింటి నుంచి చప్పుడొకటి వినిపిస్తోంది. పది రోజులుగా ఉన్న చప్పుడే, ఆయన చెవిన పడలేదంతే. లేచి, దుమ్ము కూడా దులుపుకోకుండా రూతమ్మ టీచరింటికి వెళ్లాడు.

వీధి వైపు గదిలో హైమవతి మిషను తొక్కుతోంది. గోడ వారన యూనిఫారాలు స్కూలు పేరు రాసిన మూటలుగా కట్టి ఉన్నాయి. ఆదర్శ విముక్త గృహం పలకను వెనక్కి తిప్పి రెండు స్టూళ్ల మీద పరిచారు. దాని నున్నటి వైపు మీద రూతమ్మ టీచరు గుడ్డ పెట్టి సుద్దతో గీతలు గీస్తోంది. ఆయన్ని చూసి ఆమె కత్తెర పక్కన పెట్టి, టీ పెడతానంటూ లోపలికి వెళ్లింది.

మిషను ఎప్పుడొచ్చిందిక్కడికని అడిగాడు భుజంగరావు.

"మీరు సామాను తెచ్చిన ఆటోలోనే. ఎటూ ఖాళీగా పోతోందని కుట్టినవాటితో సహా ఎక్కించాం. మీరు రాసుకుంటున్నారు." హైమవతి దారం తెంపింది. "జాబితాలో లేనిదేగా. తీసుకుపోతే మీకు మాట రాదనుకున్నాను."

గది ఖాళీ చేశానని, ముద్ర కోసేశానని, మిషను ఇప్పుడే మోసుకొస్తానని ఆయన ఆత్రంగా చెప్పాడు. ఆమె విన్నది. ముఖంలో కోపమేమీ లేదు, అది చూసే ఆయనకు భయం వేసింది.

"ఇక్కడ వెలుతురు బాగుందండీ. టీచరుగారు ఈ గది నాకే ఉంచుతానన్నారు. వచ్చే ఏడాదికి ఇంకో స్కూలు కూడా అడుగుతోంది," అంది. కొంచెం ఆగి, "పదకొండేళ్లు అడిగాను. ఇంక అడగాలనిపించలేదు. ఆ గది మీరే ఉంచుకోండి," అంది.

భుజంగరావుకు సమాధానం చెప్పడం వృత్తి. ఏ మెమోకైనా మూడు పేజీల సమాధానం ఇవ్వగలడు. ఆ మాటకు మాత్రం ఒక్క అక్షరం తోచలేదు. హైమవతే బొత్తాలు కుట్టని చొక్కాలు ఆరున్నాయని, ఊరికే నిలబడితే సూదిలో దారం ఎక్కించమని చెప్పింది. ఎక్కించాడు. ఎలా కుట్టాలో చూపించింది. మొదటి బొత్తాం వంకరగా వచ్చింది, విప్పించింది. రెండోది నిలిచింది. ఆరో చొక్కా పూర్తయ్యేసరికి రూతమ్మ టీచరు తెచ్చిన టీ చల్లారిపోయింది.

"రేపు కూడా ఒక పావుగంట రానా?" అని అడిగాడు.

"రండి. రిజిస్టరు తేకండి," అంది హైమవతి.

జూన్ మూడో వారంలో చిత్తరంజన్ గారు కొండ దిగి, భగ్నమైన ముద్ర సంగతి విని దిగ్భ్రాంతి చెందారు. సంబంధిత ఉద్యోగికి మెమో ఇమ్మన్నారు. మెమోలు రాయాల్సింది సూపరింటెండెంటే. భుజంగరావు తనకు తను ఇచ్చుకోవాల్సిన మెమోను ఏ లోపమూ లేకుండా, ఏడు ఆరోపణలతో, రెండు అనుబంధాలతో రాశాడు. సర్వీసులో అంత పకడ్బందీ మెమో ఇంకొకటి రాయలేదు. కింద సమాధానానికి మామూలుగానే నాలుగు పేజీలు ఖాళీ వదిలాడు.

గోడగడియారం అయిదుంపావు చూపిస్తోంది. అయిదున్నరకల్లా రూతమ్మ టీచరింట్లో ఉండాలి, స్కూలు కొత్తగా అడిగిన ఇరవై గౌన్లకు హుక్కులు కుట్టాలి. ఆ నాలుగు పేజీల మొదట్లో ఆయన ఇలా రాసి సంతకం పెట్టాడు.

'ముద్ర నేనే కోశాను. గదిలో ఏమీ లేదు.'

మిగిలిన మూడు పేజీలు చింపి బుట్టలో వేసి, గొడుగు తీసుకోకుండానే వానలోకి దిగాడు.